తలనొప్పి చిట్టా

ఈ వ్యాసాన్ని మేమిద్దరం కలసి రాస్తున్నాము. నొప్పి మాలో ఒకరిది, దానికి లెక్క రాసిన చేయి మరొకరిది. ఏ మాట ఎవరిదని విడదీయడం మొదలుపెడితే మళ్ళీ పాత తగవులోకే వెళతాము. అందుకే 'నేను' అనే పదాన్ని ఇందులో వాడకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాము.

మాది గుంటూరు. మాలో భర్త మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తా. ఇరవై ఏళ్ళుగా చిట్టా, ఆవర్జా రాయడమే ఆయన వృత్తి. భార్య ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఆడవారికీ, పిల్లలకూ దుస్తులు కుడుతుంది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇంటికి పెద్దదిక్కుగా అమ్మీ ఉన్నారు. ఈ ఇంట్లో మిషను పక్కన బొత్తాలు దాచుకునే ఒక రేకు డబ్బా ఉండేది. అందులో బొత్తాలకంటే మాత్రలే ఎక్కువ ఉన్నాయన్న సంగతి చాలాకాలం వరకు మాలో ఒకరికే తెలుసు.

తలనొప్పి కొత్తగా వచ్చినది కాదు. పెళ్ళినాటికే ఆమెకు నెలకు రెండు మూడుసార్లు వచ్చేది. మెడ వెనుక బరువుగా మొదలై, ఒక కణత వద్ద చేరి, నాడి కొట్టుకున్నట్లు కొట్టుకునేది. వెలుతురు సహించేది కాదు. పోపు వాసనకే కడుపులో తిప్పేది. వాంతి అయిన తరువాత చీకటి గదిలో నిద్రపడితే, మరునాటికి మనిషి మామూలయ్యేది. పెద్దలు దీనిని ఆధాసీసీ అనేవారు. తెలుగులో పార్శ్వపు నొప్పి అంటారు. అరబ్బీ వైద్యులు దీనికి పెట్టిన 'షఖీఖా' అనే పేరులో సగం, పక్క అనే అర్థం ఉంది. మైగ్రేన్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా సగం తల అనే అర్థం. ఇన్ని భాషల వారు ఇన్ని శతాబ్దాలుగా ఒకే బాధను గుర్తించి పేరు పెట్టారు. మేము మాత్రం దానిని ఒక జబ్బుగా గుర్తించడానికి పదిహేడేళ్ళు పట్టింది.

మొదట్లో ఒక మాత్రతో నొప్పి తగ్గేది. కొంతకాలానికి అది చాలలేదు. మందుల షాపులో అబ్బాయి చేత "కొంచెం బలమైనది ఇమ్మన్నారు" అని అడిగించి తెప్పించుకోవడం అలవాటయింది. రెండు మూడు మందులు, వాటితోపాటు కెఫీన్ కలిపిన మాత్ర ఒకటి ఇంట్లోకి వచ్చింది. అది వేసుకున్న అరగంటకు చేతికి పని అందేది. పండుగ ముందు బట్టలు కుప్పగా పడి ఉన్న ఇంట్లో అరగంటలో లేచి కూర్చోవడం కంటే ముఖ్యమైనదేదీ కనిపించదు. క్రమంగా నొప్పి నెలకు రెండు మూడుసార్లు అన్నది పోయి వారానికి రెండు మూడుసార్లు అయింది. ఆ తరువాత తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు లేచే సరికే తలంతా పట్టీ వేసి బిగించినట్లు ఒక మొద్దు నొప్పి సిద్ధంగా ఉండేది. అది పాత నొప్పి కాదు. కొట్టుకోదు, వాంతి తేదు, కానీ వదలదు. మాత్ర పడితే మధ్యాహ్నం వరకు ఊరట, సాయంత్రానికి మళ్ళీ అదే.

చేయవలసినవన్నీ చేశామనే అనుకున్నాము. కళ్ళు పరీక్ష చేయించి అద్దాలు మార్చాము. సైనస్ అన్నవారి మాట విని ఆవిరి పట్టాము. రక్తపోటు చూపించాము. అమ్మీ నజర్ తీశారు, దుఆ చదివి ఊదారు, నూనె మర్దన చేశారు. వంకాయ మాన్పించాము, ఎండుచేప మాన్పించాము. ఎవరేది చెప్పినా పది రోజులు పాటించి, ఫలితం కనబడక మరొకటి మొదలుపెట్టాము. ఏ రోజు ఏమి జరిగిందో ఎక్కడా రాసుకోలేదు. కొట్టులో ఒక్క బస్తా తేడా వస్తే రాత్రి పది వరకు కూర్చుని లెక్క సరిచూసే మనిషి, ఇంట్లో మనిషి బాధకు ఒక్క పంక్తి రాయాలని అనుకోలేదు.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతికి వస్తున్నాము. అది 2024, హిజ్రీ 1445 రమజాన్. మామూలు రోజులలో ఆరు కప్పుల టీ తాగే అలవాటున్న శరీరం పగలంతా టీ లేక విలవిలలాడింది. రాత్రి కుట్టుపని, మధ్యలో సహరీ, తరువాత కాసేపు కునుకు. సహరీలో ముందు జాగ్రత్తగా ఒక మాత్ర, ఇఫ్తార్ కాగానే మరొకటి. ఇలా ఇరవై మూడు రోజాలు గడిచాయి. ఇరవై నాలుగవ రోజున మా ఇంటికి బంధువులు ఇఫ్తార్‌కు రావలసి ఉంది. జుహర్ నమాజు అయ్యాక ఆమె వంటగదిలోకి రాలేదు. గది తలుపు వేసుకుని పడుకుంది. యార్డు నుంచి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది: "నొప్పా, నెపమా?"

రెండు పదాలు. ప్రాస కుదిరిన మాటలకు ముల్లులా దిగే గుణం ఎక్కువ. ఆమె జవాబు చెప్పలేదు. లేచి, వాంతి చేసుకుని, మూడు గంటల వేళ నీళ్ళతో మాత్ర మింగి రోజా విరమించింది. తరువాత వంట చేసింది. బంధువులకు వడ్డించింది. వారు వెళ్ళాక మిషను దగ్గర కూర్చుని ఏడ్చింది. నొప్పికి కాదు. రోగికి రోజా విషయంలో సడలింపు ఉందని, విడిచిన రోజాలను వేరే దినాలలో పూర్తి చేసుకోవచ్చునని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో అనుమతి ఉందని ఆమెకు తెలుసు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును ఇంట్లోవారు ఇవ్వలేదన్నదే ఆమె దుఃఖం. ఆ రాత్రి బొత్తాల డబ్బా మూత తెరిచి చూపించింది. ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాము. మాలో ఒకరు మాటతో తప్పు చేశారు, ఒకరు లెక్క దాచి తప్పు చేశారు.

పండుగ అయిన నాలుగవ రోజున నరాల వైద్యుడి వద్దకు వెళ్ళాము. స్కానింగ్ రాస్తారని డబ్బు కూడా సిద్ధం చేసుకున్నాము. ఆయన కంటి లోపలికి దీపం వేసి చూశారు, నడిపించారు, చేతుల బలం, మెడ కదలిక పరీక్షించారు. తరువాత రెండే ప్రశ్నలు అడిగారు. "నెలలో ఎన్ని రోజులు నొప్పి ఉంటుంది? ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటారు?" మాలో ఒకరు "నాలుగైదు రోజులండీ" అన్నారు. అదే క్షణంలో మరొకరు "రోజూనండీ" అన్నారు. వైద్యుడు ఇద్దరినీ చూసి, పరీక్షలో ప్రమాద సూచనలేవీ లేవని, స్కానింగ్ కంటే ముందు ఒక నోటు పుస్తకం కావాలని అన్నారు. ఒక నెల రాసి తెమ్మన్నారు.

గుమాస్తా చేతికి పని దొరికింది. చిట్టాకు గీతలు గీసినట్లే ఎనిమిది గడులు గీశాము. తేదీ. నొప్పి మొదలైన వేళ. తలలో ఏ చోట. పదికి ఎంత తీవ్రత. వాంతి, వెలుతురు బాధ ఉన్నాయా. ఆ ముందు రోజు నిద్ర, భోజనం, టీ, ఎండ, నెలసరి వివరాలు. మాత్ర పేరు, ఎన్ని. ఎన్ని గంటలకు తగ్గింది. నొప్పి లేని రోజున కూడా 'లేదు' అని తప్పక రాయాలని వైద్యుడు ప్రత్యేకంగా చెప్పారు. రాబడి లేని రోజున కూడా చిట్టాలో తేదీ వేసి గీత గీస్తారు. లేకపోతే ఆ రోజు ఏమి జరిగిందో తరువాత ఎవరికీ తెలియదు. ఇదీ అంతే.

గీతలు గీయడం పూర్తయ్యాక ఆమె ఆ పుస్తకం తీసుకుని చివరన తొమ్మిదవ గడి తానే గీసుకుంది. దాని పైన "ఎవరికి చెప్పాను" అని రాసింది. ఎందుకని మేము అప్పుడు మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 16 నుంచి మే 15 వరకు, ముప్పై రోజులు రాశాము. నెల చివర కూడిక వేస్తే నొప్పి ఉన్న రోజులు 23. మాత్ర వేసుకున్న రోజులు 21. మాత్రలు మొత్తం 38. నాలుగైదు రోజులని చెప్పిన మనిషి అబద్ధం చెప్పలేదు. తీవ్రమైన, వాంతితో కూడిన పాత నొప్పి వచ్చినవి అక్షరాలా ఐదు రోజులే. ఆమె మనసు వాటినే నొప్పిగా లెక్కించింది. మిగిలిన 18 రోజుల మొద్దు నొప్పిని జీవితంలో భాగమనుకుని లెక్కలోనే వేయలేదు. మాత్రలు చేతికి అందించుకోవడం చూసిన కన్నుకు అది రోజూ అనిపించింది. ఇద్దరం మాకు కనిపించినదే చెప్పాము. కాగితం మాత్రమే రెండింటినీ చూసింది.

ఆ ఐదు రోజుల వరుసలను పక్కపక్కన పెట్టి చూశాము. రెండు నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు వచ్చినవి. ఒకటి పెళ్ళి ఆర్డరు కోసం రాత్రి రెండు గంటల వరకు కుట్టిన మరునాడు. ఒకటి మే 13, ఓటు వేయడానికి ఎండలో చాలాసేపు వరుసలో నిలబడి, భోజనం మూడున్నరకు చేసిన రోజు. ఐదవది మాలో భర్తను సిగ్గుపడేలా చేసింది. ఆ రోజు యార్డులో మిరపకాయ ఎగుమతి పని ఎక్కువై, ఆయన ఘాటు పట్టిన బట్టలతోనే వచ్చి మంచం మీద కూర్చున్నారు. గంటలో నొప్పి మొదలైంది. ఘాటు వాసనలు ఈ జబ్బు ఉన్న కొందరిలో నొప్పిని రేపుతాయట. ఒక్క రోజు చూసి నిర్ధారించలేము గాని, ఆనాటి నుంచి ఆయన పెరటిలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి వస్తున్నారు. ఇక వంకాయ విషయం. ఆ నెలలో ఏడుసార్లు తిన్నట్లు రాసి ఉంది. ఐదు తీవ్రమైన నొప్పుల ముందు రోజులలో ఒక్కసారి కూడా లేదు. రెండేళ్ళుగా నింద మోసిన ఆ కూరగాయను తిరిగి ఇంట్లోకి ఆహ్వానించాము.

వైద్యుడు పుస్తకం చదివి అసలు సంగతి చెప్పారు. మైగ్రేన్ పాతదే. కాని ఈ రోజువారీ మొద్దు నొప్పిని పెంచి పోషిస్తున్నది ఆ మాత్రలే. మందు మితిమీరినందువల్ల వచ్చే తలనొప్పి ఇది. ముందు నుంచే తలనొప్పి జబ్బు ఉన్నవారికి నెలలో 15 లేక అంతకు మించిన రోజులు తల నొస్తూ ఉండి, మూడు నెలలకు పైగా మాత్రలు మితిమీరి వాడుతూ ఉంటే దీనిని అనుమానించాలి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటి ఒంటి మందులైతే నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే నెలకు 10 రోజులే హద్దు. ఇంటర్నేషనల్ హెడేక్ సొసైటీ వర్గీకరణ ఈ లెక్కనే చెబుతుంది. మాత్రల సంఖ్య కంటే మాత్ర వేసుకున్న రోజుల సంఖ్య ఇక్కడ ముఖ్యం. మాది కలిపిన మాత్ర. మా లెక్క 21 రోజులు.

ఆయన మరికొన్ని జాగ్రత్తలు చెప్పారు. పారాసెటమాల్ పెద్దవారికి కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. దాటితే కాలేయానికి ముప్పు. జలుబు మాత్రలలోనూ అదే మందు ఉంటుంది గనుక రెండు రకాలు వేసుకునేవారు తెలియకుండానే హద్దు దాటుతారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండ్లు తేగలవు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు మూత్రపిండాలకు హాని చేయగలవు. రమజాన్‌లో ఖాళీ కడుపుతో, చాలినన్ని నీళ్ళు లేకుండా మేము చేసినది సరిగ్గా అదే.

"ఆపండి" అన్నది ఆయన సలహా. మా విషయంలో ఒకేసారి ఆపవచ్చునన్నారు. నిద్రమాత్రలు, నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారు మాత్రం ఇలా తమంతట తాము ఒకేసారి ఆపకూడదని, వైద్యుడి పర్యవేక్షణ కావాలని హెచ్చరించారు. నొప్పి రాకుండా ఆపే మందు ఒకటి రాత్రిపూట తక్కువ మోతాదులో రాశారు. ఇందుకు ప్రొప్రనలాల్ అనే మందు కూడా వాడతారు గాని, ఆమెకు చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉన్నందున అది పనికిరాదన్నారు. అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. దాని గుణం కనబడటానికి వారాలు పడుతుందని, నోరు ఎండుతుందని, ఉదయం మగతగా ఉంటుందని ముందే చెప్పారు. ఆపిన మొదటి పది రోజులు నొప్పి పెరుగుతుందని కూడా దాచకుండా చెప్పారు.

పెరిగింది. మే నెల రెండవ సగం, గుంటూరు ఎండ, కరెంటు కోత. మూడవ రోజున ఆమె గోడకు తల ఆనించి కూర్చుని డబ్బా ఎక్కడ దాచారని అడిగింది. డబ్బాలో బొత్తాలు మాత్రమే మిగిల్చామని చెప్పాము. ఆ పది రోజులు భర్త వంట చేశారు. ఉప్పు ఎక్కువైన పప్పును ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. అమ్మాయి కిటికీలకు దుప్పట్లు కట్టింది. అబ్బాయి మందుల షాపు దారి వదిలి వేరే దారిన బడికి పుస్తకాలు తెచ్చుకోవడానికి వెళ్ళివచ్చాడు. కుట్టడానికి తీసుకున్న బట్టలు నాలుగు జతలు తిరిగి ఇచ్చివేశాము. ఆ ఆదాయం పోయింది. అదీ రాసుకోవలసిన లెక్కే.

ఆ రోజులలోనే అమ్మీ నోటు పుస్తకం చదివి వినిపించమన్నారు. ఆమెకు ఖుర్ఆన్ పారాయణం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. అమ్మాయి కూర్చుని ఒక్కొక్క వరుస చదివింది. తెల్లవారుజామున, కుడి కణత, పదికి ఎనిమిది, వాంతి, వెలుతురు బాధ. అమ్మీ మధ్యలో ఆపించారు. "ఇది నాది" అన్నారు. మాకు అర్థం కాలేదు. పిల్లల్ని కన్న ఈడులో ఇదే నొప్పి తనకు ఉండేదని, దుపట్టా తలకు బిగించి కట్టుకుని పశువుల పని చేసేదాన్నని, వయసు మళ్ళాక అదే పోయిందని అప్పుడు చెప్పారు. ఇంత కాలం కోడలి బాధను చూసి "మేము పడలేదా" అన్నట్లు మౌనంగా ఉన్నది, తాను పడినదాన్ని ఎవరూ అడగలేదన్న కష్టంతోనేమో. ఆ సాయంత్రం ఆమె కోడలి తల తన ఒడిలో పెట్టుకున్నారు. పుస్తకంలో అంతవరకు ఖాళీగా ఉన్న తొమ్మిదవ గడిలో మొదటిసారి ఒక పేరు చేరింది. అమ్మీ.

పదకొండవ రోజున ఆమె నొప్పి లేకుండా నిద్ర లేచింది. 'లేదు' అన్న ఆ ఒక్క పదం రాయడానికి భర్త కంటే ముందే లేచి పుస్తకం వెదికింది. ఆ తరువాతి నెలలో నొప్పి రోజులు 14. మరుసటి నెల 9. సంవత్సరం చివరకు ఐదు ఆరు. తీవ్రమైన నొప్పి వచ్చినప్పుడు ఏమి చేయాలో కూడా నేర్చుకున్నాము. దానికి ఒక మందును, వాంతి ఆపే మాత్రతోపాటు, ఆరంభంలోనే సరైన మోతాదులో వేసుకోవాలి. నొప్పి ముదిరాక కడుపు మందగించి మాత్ర సరిగా ఒంటబట్టదు. కాని వారానికి రెండు రోజులు దాటకూడదు. త్వరగా వేసుకోవాలి, తరచుగా వేసుకోకూడదు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదిర్చేది పుస్తకమే. ఏది మైగ్రేన్ ఆరంభమో, ఏది నిద్ర చాలని తలబరువో గుర్తించడం రాసి రాసి అలవడింది.

2025 రమజాన్‌కు రెండు వారాల ముందే సిద్ధపడ్డాము. ఆరు కప్పుల టీని మూడు నాలుగు రోజులకొకటి చొప్పున తగ్గిస్తూ రెండుకు తెచ్చాము. రోజా పెట్టవచ్చునా అని వైద్యుడిని అడిగి, రాత్రి మాత్ర వేళను ఇఫ్తార్ తరువాతకు మార్పించుకున్నాము. సహరీని విడువకుండా, వీలైనంత ఆలస్యంగా చేసేవాళ్ళం. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు కొద్దికొద్దిగా నీళ్ళు తాగడం, పండుగ ఆర్డర్లను షాబాన్ నెలలోనే ముగించడం, మధ్యాహ్నం కాసేపు నిద్ర. ఆ రమజాన్‌లో తలనొప్పి కారణంగా విడిచిన రోజా ఒక్కటే. ఆ రోజు నొప్పి మొదలవగానే భర్తే నీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి పక్కన పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. పగళ్ళు చిన్నవైన చలికాలంలో ఆ రోజాను ఇద్దరం కలసి ఉన్నాము. ఆమెది ఖజా, ఆయనది నఫిల్.

అదే రమజాన్‌లో అమ్మాయికి పదవ తరగతి పరీక్షలు వచ్చాయి. ఒక రాత్రి నుదురు పట్టుకుని వచ్చి మాత్ర అడిగింది. ఈ నొప్పి కుటుంబాలలో వచ్చేదని మాకు తెలుసు గనుక గుండె ఝల్లుమన్నది. ముందు పుస్తకంలో రాయమన్నాము. నిద్ర అన్న గడిలో 'నాలుగు గంటలు' అని రాసి తానే ఆగిపోయింది. ఆ రాత్రి పుస్తకాలు మూసి పడుకుంది. తెల్లవారేసరికి నొప్పి లేదు. పిల్లలకు మాత్ర అసలే ఇవ్వకూడదని మా ఉద్దేశం కాదు. వయసు, బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి, ఆస్పిరిన్ మాత్రం వైద్యుడు చెప్పనిదే పిల్లలకు ఇవ్వకూడదు. మేము చెప్పదలచినది ఒక్కటే. చేయి డబ్బా వైపు వెళ్ళే ముందు కలం వైపు వెళ్ళడం ఆ పిల్లకు తెలిసింది.

అన్ని తలనొప్పులకూ నోటు పుస్తకం చాలదు. క్షణాలలో పిడుగు పడినట్లు, జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తీవ్రంగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒక చేయి గాని కాలు గాని బలహీనమవడం, చూపు తగ్గడం, స్పృహ తప్పడం, మూర్ఛ, తలకు దెబ్బ తగిలిన తరువాత పెరిగే నొప్పి ఉంటే రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. యాభై దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పిని, గర్భిణులకు వచ్చిన కొత్త నొప్పిని, రోజురోజుకూ పెరుగుతున్న నొప్పిని కూడా ఆలస్యం చేయకుండా చూపించాలి.

తలనొప్పిని ఈమాన్ బలహీనతగా చూసేవారు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇహ్రాం స్థితిలో ఉండగా తలనొప్పి వల్ల హిజామా చేయించుకున్నారని హదీసు గ్రంథాలలో ఉంది. సృష్టిలో శ్రేష్ఠులైన వారే నొప్పిని నొప్పిగా చెప్పి చికిత్స పొందారు. ఇక మన ఇంటి ఆడవారు దానిని బొత్తాల డబ్బాలో ఎందుకు దాచుకోవాలి? దాచుకునే పరిస్థితి వారికి కల్పించింది ఎవరు? ఈ ప్రశ్న మాలో ఒకరు తనను తాను వేసుకున్నది. పాఠక సోదరులు కూడా ఒకసారి వేసుకోవాలని మనవి.

జబ్బు పూర్తిగా పోలేదు. పోతుందని వైద్యుడు కూడా చెప్పలేదు. రాత్రి మందును ఈమధ్యే నెమ్మదిగా తగ్గించి ఆపించారు. ఇప్పుడు రాస్తున్నది మూడవ నోటు పుస్తకం. ఈ వ్యాసం ముగించే ముందు నిన్నటి వరుస చూశాము. సాయంత్రం ఐదు, కుడి కణత, పదికి ఆరు, వెలుతురు బాధ ఉంది. మాత్ర ఒకటి, ఈ నెలలో మూడవ రోజు. రెండు గంటలకు తగ్గింది. చివరి గడిలో మూడు పేర్లు ఉన్నాయి. అమ్మీ, అమ్మాయి, ఆయన.